వంగని బండికి వంగుడు పత్రం

బరువు మోసే ప్రతిదీ వంగాలి. ఇది ప్రకృతి ధర్మం. పెనుకొండ దాటగానే రోడ్డు పక్కన వెలసిన వాహన వెనుకభాగ పరిశీలన కేంద్రం వారి మొదటి నిబంధన కూడా ఇదే.

కేంద్రంలో తూకం యంత్రం లేదనుకునేరు, ఉంది. ప్రారంభోత్సవానికి కట్టిన రిబ్బను ఇంకా దాని మీదే ఉంది (ఆ రోజు కత్తెర తేవడం మరిచారు. రిబ్బను కత్తిరించనిదే తూకం వేయకూడదు). అందువల్ల అధికారి సరుకు బండి వెనక నిలబడి, టైరుకూ దాని మీది రేకుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూస్తాడు. జానెడు సందుంటే లోడు సక్రమం. అంతకన్నా తక్కువైతే అధిక లోడు. చెయ్యే దూరకపోతే ఆ సంగతి పక్కకెళ్లి మాట్లాడుకోవాలి.

జానెడంటే ఎవరి జానెడు అని మీరు అడగవచ్చు. అధికారిదే. ఇంతకు ముందున్న సారుది పసిపిల్లల చెయ్యి. ఎంత వంగిన బండి అయినా ఆయన జానకు సరిపోయేది. ఆయన బదిలీ అయిన రోజు వేరుశనగ రైతులు కంటతడి పెట్టుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన కేశవ సారు చిన్నప్పుడు వాలీబాల్ ఆడిన మనిషి.

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవస్థలోకి చెన్నేకొత్తపల్లి ఎర్రిస్వామి గాలి తెచ్చాడు.

ఎర్రిస్వామికి ఒక పికప్ బండి ఉంది. లోడెత్తితే వెనక కూలబడి, ముందు మూతి పైకి లేచేది. హెడ్‌లైట్లు రోడ్డును వదిలేసి వేపకొమ్మల మీద గువ్వల్ని చూపించేవి. విసిగిపోయి ధర్మవరంలో ఒక మెకానిక్ దగ్గర, వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య, బరువుకు వంగే ఇనప కమాన్ పట్టీలకు తోడుగా రెండు రబ్బరు గాలి బుడ్డలు వేయించాడు. పంక్చర్ షాపులో గాలి పట్టిస్తే చాలు, లోడున్నా బండి నిటారుగా నిలబడుతుంది. (అవి బండి మోయగల బరువును పెంచవు, తగ్గించవు. వంగకుండా చూస్తాయి, అంతే. నేరమల్లా అదే.)

ఒక శుక్రవారం పొద్దున అతను శ్యామలమ్మ పట్టుగూళ్లు ఎత్తుకుని హిందూపురం మార్కెట్టుకు బయలుదేరాడు. శ్యామలమ్మ అదే ఊరి మనిషి. బోరు దగ్గితే దగ్గినన్ని నీళ్లు పారించి, మల్బరీ ఆకు కోసి, పట్టుపురుగులు మేపింది. ఆ ఏడు ఆమె చేతికొచ్చిన పంట అదొక్కటే. కేంద్రం మా ఇంటి ఎదురుగానే కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా నేను కళ్లారా చూశాను.

కేశవ సారు సందులో చెయ్యి పెట్టాడు. జాన పోగా ఇంకా చోటు మిగిలింది.

"ఏమప్పా, బండి నిండా మూటలుండాయి. వంగలేదేం?"

"గాలి బుడ్డలు వేయించినా సార్."

"ఎందుకు?"

"వంగకుండా."

సారు పెన్ను మూత పెట్టాడు. నేరం ఒప్పుకున్నవాణ్ణి ఇంకేం అడుగుతారు?

శ్యామలమ్మ కాబిన్ దిగి వచ్చింది. "గూళ్లు సార్. దూది మాదిరి ఉంటాయి. ఒక మూట ఎత్తి చూడు సార్, నీకే తెలుస్తాది."

"ఎత్తేది నా డ్యూటీలో లేదమ్మా. వంగేది చూడటమే నా పని."

బండిలో ఎక్కువ బరువేదో దాచి ఉండాలి, లేదా బరువే లేకుండా బండి తిరుగుతూ ఉండాలి. రెండూ అనుమానాస్పదమే అని సారు తేల్చాడు. బుడ్డలు ధర్మవరంలో వేశారు కనుక అక్కడి కార్యాలయం నుంచి వంగుడు ధ్రువపత్రం తేవాలి. అంతవరకు బండి కదలకూడదు. లోడు సాక్ష్యం కాబట్టి దించకూడదు.

"సార్, లోపల పురుగు ఊరుకోదు సార్. రెండు మూడు దినాల్లో గూడు తొలుచుకుని బయటికొస్తాది. తొలిచిన గూటికి దారం రాదు. నా పంటంతా ఈ బండిలోనే ఉండాది."

"రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం," అన్నాడు సారు, పురుగులకు కూడా వినబడేలా.

ధర్మవరం వెళ్లనక్కరలేదు, యాప్ ఉంది. ఎర్రిస్వామి తెరిచాడు. "మీ వాహనము ఎంత వంగినది?" అని అడిగింది. కొంచెము, మధ్యస్థముగా, పూర్తిగా అని మూడే జవాబులు. వంగలేదు అనేది లేదు (అలాంటి పరిస్థితి వస్తుందని శాఖ ఊహించలేదు). "కొంచెము" నొక్కి ఫోటో పంపాడు. "చిత్రములో వంపు కనబడుట లేదు" అని తిరిగొచ్చింది.

గాలి తీసేశాడు. అయినా గూళ్ల బరువుకు బండి వంగలేదు. దాంతో దారిన పోయేవాళ్లను బతిమాలి వెనక డోరు మీద కూర్చోబెట్టాడు. నేనూ ఎక్కాను. నా బరువు ఒకరికి పనికొచ్చింది జీవితంలో ఆ ఒక్కసారే. బండి బాగా వంగింది, ఫోటో బాగా వచ్చింది. ధర్మవరం నుంచి వెంటనే జవాబు: "వంపు సంతృప్తికరము. అయితే సరుకు వాహనములో మనుషులను రవాణా చేయుచున్నట్లు కనబడుచున్నది. సోమవారము సంజాయిషీ ఇవ్వవలెను."

నాకు కడుపు మండిపోయింది. ఇంటికెళ్లి మజ్జిగ తాగాను. పౌరుడిగా నాకున్న అధికారం అంతవరకే.

శనివారం, ఆదివారం కేంద్రానికి తాళం. శ్యామలమ్మ బండి పక్కనే కూర్చుని, మూటల మూతులు విప్పి, కొంగుతో విసిరింది. మా ఇంటినుంచి అన్నం పంపితే కొంచెం తిని, "లోపల గీరుతా ఉండాయన్నా, వింటివా?" అని నన్నడిగింది. నాకేమీ వినబడలేదు. వినబడిందని చెప్పి వచ్చేశాను.

సోమవారం కేంద్రం తలుపు తీసే సరికి బండి నిండా తెల్లటి రెక్కలు. సీతాకోకచిలుకలకు రిహార్సల్ వేసినట్టుండే పట్టుచిలుకలు. ఎగరడం చేతకాక మూటల మీద, రేకుల మీద, కేశవ సారు చేతి మీద పాకాయి. ఆయన ఒకదాన్ని శ్రద్ధగా పరిశీలించి, సరుకు అని రాసుకున్నదాన్ని కొట్టేసి, జీవాలు అని రాశాడు.

"ఏమప్పా, సరుకు బండిలో జీవాల్ని తెస్తివే. దీనికి వేరే పర్మిషన్ కావల్ల గదా."

"శుక్రవారం అవి గూళ్లు సార్," అన్నాడు ఎర్రిస్వామి.

"శుక్రవారం సంగతి శుక్రవారం చెప్పల్ల."

గూటికొక బెజ్జం. శ్యామలమ్మ ఒక్కొక్కదాన్నే వేలితో తడిమి చూసుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. గాలి బుడ్డలు పీకేయాలి. జీవాలు ఆ బండిలో వెళ్లకూడదు. ఖాళీ బండి మాత్రమే వెళ్లవచ్చు. ఎర్రిస్వామి బుడ్డలు ఊడదీసి, ఎవరి ముఖమూ చూడకుండా బండి తీశాడు.

శ్యామలమ్మ చిలుకలన్నిటినీ దులిపేసి, బెజ్జాల గూళ్లను ఒకే మూటగా కుక్కి, బస్సు కోసం నెత్తిన పెట్టుకుంది. పురుగు కూడా లేని గూళ్లు, శుక్రవారం కన్నా తేలిక. అయినా రెండడుగులు వేసేసరికి ఆమె నడుం వంగిపోయింది.

గేటు దగ్గర మనిషి ఆమెను ఆపబోయాడు. కేశవ సారు వెనకనుంచి ఒకసారి చూశాడు.

"పోనీప్పా," అన్నాడు. "ఈమె లోడుకు తగ్గట్టే వంగుండాది."