ముందు అచ్చు, తర్వాత పూత

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పూత మెషిన్ నడిపే నాన్న, పళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే అమ్మ, కార్లు కడిగే షాపులో పాలిష్ కొట్టే బాబాయి, మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని నానమ్మ, మా బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, వంటింటి గుమ్మం వెనకాల నేను. వీళ్ళందరితోపాటు మైనం. నన్నడిగితే, ఆ రోజు అందరిలోకీ మర్యాద తెలిసింది మైనానికే.

నవ్వకండి. మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు అని పాఠాల్లో గొప్పగా రాస్తారు. మైనం పుయ్యడం కనిపెట్టినవాడి గురించి ఒక్క ముక్క రాయరు! నిప్పుకి కోపమెక్కువ, చక్రానికి తొందరెక్కువ. మైనానికి ఏమున్నాయి చెప్పండి? ఎక్కడ పూస్తే అక్కడ కూర్చుంటుంది. ఏమన్నా పడనివ్వదు, పడినా అంటనివ్వదు. ఇంతకంటే మంచి గుణం మనిషిలో అయినా చూశారా?

మీరు చేపలు కొంటారు. ఐసు కరిగి కారుతున్నా అట్టపెట్టె మెత్తబడదు. ఎందుకు మెత్తబడలేదో ఎప్పుడైనా ఆలోచించారా? మా నాన్న వల్ల. ఆయన మెషిన్ కింద పెట్టెలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా తలవంచుకుని వెళ్తుంటే, పైనుంచి మైనం ఎమల్షన్ పడుతుంది. చూడ్డానికి అచ్చం పాలే. ఒకసారి నాన్న డబ్బాలో తెచ్చిపెడితే అమ్మ టీ పెట్టబోయింది.

ఆ పాలలో ఉన్నది మైనమూ నీళ్ళూ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు. మధ్యలో సబ్బులాంటి పదార్థం ఒకటి చేరి, ఇటు చెప్పాల్సింది ఇటు, అటు చెప్పాల్సింది అటు చెప్పి, ఇద్దరినీ ఒకే డబ్బాలో కాపురం పెట్టిస్తుంది. ఇంత పని చేసిన పెద్దమనిషిని మీ వీధిలో ఒక్కణ్ణి చూపించండి!

ఆ ఫ్యాక్టరీలో చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే సూత్రం ఒకటుంది. ముందు అచ్చు, తర్వాత పూత. పెట్టె మీద పేరూ బొమ్మా అన్నీ అచ్చేశాకే మైనం పుయ్యాలి. పూశాక ఇక రంగు పట్టదు. కొత్తగా చేరిన సూపర్‌వైజరు ఒకాయన ఈ సంగతి తెలియక, ఖాళీ పెట్టెలన్నిటికీ ముందే పూత వేయించాడట. తర్వాత అచ్చు వేస్తే రంగంతా కన్నీళ్ళలా కారిపోయిందట. అన్నం తింటున్నప్పుడు నాన్న ఈ కథ చెప్పి, చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు. నవ్వి నవ్వి పొలమారితే నానమ్మ మంచంమీద నుంచే, "వాడి పెట్టెలు పోయాయి సరే, నీ ప్రాణం పోయేలా ఉంది, నీళ్ళు తాగు," అనేది.

ఇక అమ్మ సంగతి. పళ్ళని షెడ్డులో కడిగేటప్పుడు, చెట్టు ఇచ్చిన సన్నటి మైనప్పొర కాస్త పోతుంది. అయ్యో అని మళ్ళీ డబ్బాలోది పూస్తారు. సొంత మెరుపు కడిగేసి అరువు మెరుపు అద్దుతారన్నమాట. అమ్మ చేతిమీదుగా వెళ్ళిన పండు వారాలు గడిచినా ఆ పొద్దున్నే కోసినట్టు ఉంటుంది. రెండో షిఫ్టు దిగి వచ్చే అమ్మ మాత్రం పోయిన నెల కోసినట్టు ఉంటుంది. మనుషులకి కూడా ఆ పూత ఎప్పుడు వస్తుందో!

బాబాయిది ఇంకా పెద్ద విద్య. గీతలుపడ్డ కారు ఆయన దగ్గరికి ఏడుస్తూ వస్తుంది, నవ్వుతూ పోతుంది. "గీత ఎక్కడికి పోతుంది బాబాయ్?" అని అడిగాను ఒకసారి. "గీత ఎక్కడికీ పోదు పిల్లా. చూసేవాడి కన్ను జారిపోతుంది, అంతే," అన్నాడు. ఇంతకంటే గొప్ప మాట నేను ఏ పాఠంలోనూ చదవలేదు.

ఇంకా చెప్పమంటారా? నానమ్మ మింగే మాత్రల మెరుపు మైనం. మీ బూట్ల మీద మెరుపు మైనం. నరికిన దుంగల చివర్లు ఎండి చీలిపోకుండా పూసేది మైనం. కొత్తగా పోసిన కాంక్రీటులో తడి ఆరిపోకుండా చల్లేది కూడా అదే. చెట్టుకి, రాయికి, రోగికి, బూటుకి ఒకటే మందు. ప్రపంచం ఇంకా విడిపోకుండా నిలబడి ఉందంటే ఎవరి చలవ అనుకుంటున్నారు?

అయితే ఇవన్నీ ఫ్యాక్టరీ మైనాలు. వీటన్నిటినీ మించినది ఇంట్లో తయారవుతుంది. దానికి మెషిన్ అక్కర్లేదు, నాలుక చాలు.

మా బడిలో చదువు పదో తరగతితో అయిపోతుంది. పట్నంలో సైన్సు చదువుకి, హాస్టల్లో ఉండడానికి నాకు సీటు వచ్చింది. నాన్న సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం ఒకటి ఇచ్చారు, బడి ముద్రతో సహా. తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలకి వచ్చిన నిగనిగ ఏం చెప్పను!

"నీ చదువు కంటే నాకు ఎక్కువేముంది తల్లీ," అన్నాడు నాన్న. "పెడతాడులే, ఆ సంతకం ఎంతసేపు," అంది అమ్మ. "మా పిల్ల పట్నం వెళ్తే పట్నానికే కళ," అన్నాడు బాబాయి. పొద్దున అడిగితే సాయంత్రం అన్నారు. సాయంత్రం అడిగితే చూద్దాం అన్నారు. ఎవ్వరూ కాదనలేదు. ఆ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు. నేను ఏం అడిగినా తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా, అందంగా దొర్లి కింద పడింది. తామరాకు మీద కూడా ఉండేది మైనమేనట. టీచరమ్మ చెప్పారు.

అమ్మా నాన్నా ఇద్దరూ షిఫ్టులో ఉన్నప్పుడు నానమ్మని లేవదీసి బాత్రూముకి తీసుకెళ్ళేదీ, వేళకి మాత్ర ఇచ్చేదీ, అన్నం పెట్టేదీ నేను. నేను వెళ్తే ఆ పని ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న మా ఇంట్లో నడి గదిలో మంచమేసుకుని పడుకుంది. దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడవడం అందరికీ అలవాటైపోయింది. అడిగి ఉంటే నేనూ ఆలోచించేదాన్నేమో. అడిగితేగా!

ఆఖరి తేదీ దగ్గరపడడంతో టీచరమ్మ స్వయంగా ఇంటికి వస్తానని కబురు పెట్టారు. కబురు అందగానే మావాళ్ళు ముగ్గురూ ఏం చేశారో మీరు ఊహించగలరు. ఇల్లంతా పూశారు.

కుర్చీలు పూశారు. నానమ్మ మంచం కోళ్ళు పూశారు. "నన్ను కూడా పూసెయ్యండి, ఓ పనైపోతుంది," అంది నానమ్మ. వంటింటికీ ముందు గదికీ మధ్య ఉన్న తలుపుని నాన్న సగం రోజు రుద్దాడు. అది ముసలి తలుపు. ఎవరు కదిపినా వీధి చివరిదాకా కిర్రుమనేది. నాన్న దాని బందులకి కూడా మైనం కూరి, అద్దంలా చేసి, వేలితో నెట్టి చూపించాడు. చప్పుడు లేదు. అమ్మ కూడా మెచ్చుకుంది.

ఆదివారం టీచరమ్మ వచ్చారు. గడప దాటి రెండడుగులు వేశారు. మూడో అడుగు ఆవిడ వెయ్యలేదు, నేల వేసింది. నేలకి పూసింది నేల పాలిష్ కాదు మరి, బాబాయి షాపులోని కారు పాలిష్! ఆవిడ జారుకుంటూ వెళ్ళి నానమ్మ మంచం మీద ఆగారు.

"రండి టీచరుగారూ, కూర్చోండి," అంది నానమ్మ, ఆవిడ కూర్చున్నాక.

"నేల బాగా మెరుస్తోందండీ," అన్నారు టీచరమ్మ ఊపిరి కూడగట్టుకుని.

"కారుకైతే రెండు నెలలు గ్యారంటీ మేడం," అన్నాడు బాబాయి.

"మనిషికి ఎంతో చెప్పరా," అంది నానమ్మ.

టీచరమ్మ నవ్వేసి, కాళ్ళు నేలకి ఆనించి, విషయానికి వచ్చారు. "సంతకం పెట్టి ఇచ్చేయండి. సాయంత్రం బస్సుకి నేనే పట్టుకెళ్తాను. రేపటితో ఆఖరు."

"మా పిల్ల కోసం మీరింత శ్రమపడుతున్నారు," అన్నాడు నాన్న.

"చదువుకుంటానంటే కాదనేదెవరండీ," అంది అమ్మ.

"మా ఇంట్లో తెలివంతా దీనికే వచ్చింది మేడం. నన్ను చూస్తే మీకే అర్థమవుతుంది," అన్నాడు బాబాయి.

నాన్న అలమారలోంచి పత్రం తీశాడు. గుమ్మం వెనక నుంచి చూస్తున్న నాకు ఒక్క క్షణం అది గాజుపలక అనిపించింది. అంతలా మెరిసిపోతోంది.

"తడిసిపోతుందేమోనని పూత పూశానండీ," అన్నాడు నాన్న. "మా ఫ్యాక్టరీ ఎమల్షనే. ఇక వానలో పెట్టినా ఏమీ కాదు." నమ్మరేమోనని గ్లాసులోంచి ఒక చుక్క నీళ్ళు పోసి చూపించాడు. చుక్క ముత్యంలా దొర్లి టీచరమ్మ చీర మీద పడింది.

చూశారా, ఎంత ముందుచూపో! కూతురి భవిష్యత్తుకి తడి తగలకూడదని ఆలోచించే తండ్రులు లోకంలో ఎంతమంది ఉంటారు?

టీచరమ్మ తన పెన్ను ఇచ్చారు. నాన్న సంతకం మొదలుపెట్టాడు. ఇంకు కాగితం మీద నిలవకుండా చెమట చుక్కల్లా విడిపోయింది. బాబాయి తన బాల్‌పెన్ను ఇచ్చాడు. అది గీత గీసింది, రంగు వదల్లేదు. అమ్మ షెడ్డులో పెట్టెల మీద గుర్తులు పెట్టే మార్కరు తెచ్చింది. దానితో మొదటి అక్షరం పడింది. నాన్న బొటనవేలు తగిలి అదీ చెరిగిపోయింది.

"అయ్యో, ఎంత పనైంది," అన్నారు మావాళ్ళు ముగ్గురూ. ఒకే గొంతుతో, నున్నగా.

"పోనీలే తల్లీ, వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు నాన్న వంటింటి వైపు తిరిగి, నా వైపు మాత్రం చూడకుండా. పాము చావలేదు, కర్ర విరగలేదు. పైగా పాముకీ కర్రకీ రెంటికీ మంచి మెరుపు వచ్చింది.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు. బడిలో హాజరు పలికినా పక్కవాళ్ళు పలికారనుకుంటారు. కానీ ఆ రోజు గుమ్మం దాటి ముందు గదిలోకి రెండడుగులు వేశాను.

"ఇస్త్రీపెట్టె పెడితే పోతుంది," అన్నాను. "పైనా కిందా పాత పేపరు వేసి వేడి ఇస్త్రీపెట్టె నడిపితే మైనం కరుగుతుంది. పేపరు పీల్చేస్తుంది. నా గౌను మీద కొవ్వొత్తి పడినప్పుడు నాన్నే అలా తీశాడు."

"నిజమే కదండీ," అన్నారు టీచరమ్మ.

"ఇస్త్రీపెట్టె సరిగ్గా పనిచెయ్యట్లేదమ్మా," అంది అమ్మ.

నాన్న చొక్కా చేతి మడత కత్తిలా నిలబడి ఉంది. ఆ పొద్దున దాన్ని ఇస్త్రీ చేసింది నేనే.

"ఒరే," అంది నానమ్మ. "పిల్లని పంపడం నీకు కుదరకపోతే కుదరదని చెప్పు. నన్ను చూసుకునేవాళ్ళు లేరనేగా? ఆ మాటే చెప్పు. పాపం మైనం మీదకి నెట్టకు."

"అమ్మా, నువ్వు ఊరుకో. నేను కావాలని చేశానా? ఏదో తడవకూడదని," అన్నాడు నాన్న.

అప్పుడు అడిగాను. అడగాలని అనుకోలేదు, చిన్నప్పటి నుంచీ విన్న మాట దానంతటదే వచ్చేసింది.

"నాన్నా, ముందు అచ్చు, తర్వాత పూత కదా?"

నాన్న ఆ కథకి నవ్వలేదు. మొదటిసారి. పత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ గదిలో పూత లేనిది ఆయన మొహం ఒక్కటే అనిపించింది. కోప్పడితే బాగుండును అనుకున్నాను.

అమ్మ లేచి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా గుమ్మం అవతలికి నడిపించింది. "లోపలికి వెళ్ళు తల్లీ. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం," అని తలుపు మీద ఒక్క వేలు పెట్టి నెట్టింది.

తలుపు మూసుకుంది. చప్పుడు కాలేదు. అంత నునుపైన తలుపులో నా మొహం నాకే కనిపించింది, నిగనిగలాడుతూ.

మైనాన్ని నేను ఇప్పుడూ ఏమీ అనను. దాని పని అది చేసింది. ఒక్కటే బాధ. మా ఇంట్లో మొహం మీద "కాదు" అని గట్టిగా అనేది ఆ ముసలి తలుపు ఒక్కతే. దానికి కూడా పూసేశారు.