ఐస్‌క్రీమ్ పెట్టెలో మామగారి తుపాకీ

శుక్రవారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి రైఫిల్‌ను తుపాకుల మేస్త్రికి అప్పగించి, క్లినిక్ తెరిచే వేళకు తిరిగి వచ్చేయడం. పెద్దల్లుడన్న అభిమానంతో మామగారు ఇచ్చిన రైఫిల్ అది. కానీ ఈయన చేతిలో పడ్డప్పటి నుంచి గుండ్లు గురి అట్ట మీద తలో దిక్కూ పడుతున్నాయి. "ఆదివారం తుపాకీ గురి పోటీ చూడ్డానికి వస్తున్నాను. ఈసారీ ఇంతే అయితే చిన్నల్లుడికి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకండి" అని మామగారు ఫోన్లో మర్యాదగానే చెప్పారు. తోడల్లుడి భుజాన ఆ రైఫిల్‌ను ఊహించుకున్నప్పటి నుంచి డాక్టరుకు ముద్ద దిగడం లేదు.

మేస్త్రి రైఫిల్‌ను అటూ ఇటూ ఊపి రోగం పట్టేశాడు.

"గొట్టం ఉన్న ఇనుము చెక్క పిడిలో కదులుతోంది డాక్టరుగారూ. చెక్క గాడిలో జిగురు లప్పం వేసి, దానిమీద ఇనుమును కూర్చోబెడతాను. ఆ అచ్చు గట్టిపడిందంటే ఇక కదలమన్నా కదలదు. ఇక్కడ పెట్టి వెళ్ళండి, రేపు రండి."

"కూర్చుని చూస్తాను."

"ఎదురుగా ఎవరైనా ఉంటే నాకు చెయ్యి ఆడదండీ."

"నేనూ అచ్చులు తీసేవాణ్ణే కదయ్యా. నోరెత్తను, సరేనా?"

మేస్త్రి నిట్టూర్చి మరలు విప్పాడు. ఇనుమును చెక్క నుంచి వేరు చేసి, బల్ల సొరుగులోంచి బూటు పాలిష్ డబ్బా తీసి, ఇనుముకంతా పట్టించడం మొదలుపెట్టాడు. డాక్టరు ఇచ్చిన మాట అక్కడే గాలికి పోయింది.

"బూటు పాలిషా?"

"నా పద్ధతి" అన్నాడు మేస్త్రి. అంతకు మించి చెప్పడం ఆయనకు నామోషీ. లప్పం కలపడానికి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

డాక్టరు చదువు మొత్తంలో మొదటి పాఠం, ఏదైనా అతికించే ముందు తుడవాలని. రవ్వంత జిడ్డున్నా, తడున్నా కట్టిన పన్ను ఊడి వస్తుంది. ఆయన జేబులో స్పిరిట్ దూది ఎప్పుడూ ఉంటుంది. 'పాపం, పెద్దాయనకు శుభ్రం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు' అని జాలిపడి, మూలమూలలా తుడిచేశాడు. ఇనుమూ నలుపే, పాలిషూ నలుపే. మేస్త్రి తిరిగొచ్చి ఏమీ గమనించకుండా ఇనుమును లప్పంలో కూర్చోబెట్టి మరలు బిగించాడు. చెప్పుకోకుండా చేసిన ఉపకారం తలుచుకుని డాక్టరు ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

శనివారం పొద్దున వెళ్ళేసరికి మేస్త్రి దవడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"రావడం లేదండీ."

"ఏది?"

"ఇనుము. అంటుకుపోకూడదనే కదా పాలిష్ రాసేది! అచ్చు చెక్కలో ఉండిపోవాలి, ఇనుము వేరుగా వచ్చెయ్యాలి. నా సర్వీసులో ఎప్పుడూ ఇలా కాలేదు. పళ్ళు బిగబట్టి లాగితే పన్ను విరిగింది కానీ, తుపాకీ ఊడలేదు."

డాక్టరు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"ఆ పాలిష్ కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడు. ఇప్పుడే నడివీధిలో కడిగేసి వచ్చాను" అన్నాడు మేస్త్రి.

తెరిచిన నోరు మూతపడింది.

"మరి ఇప్పుడెలా?" అన్నాడు డాక్టరు, నీరసంగా.

"గడ్డకట్టే చలిలో పెడితే ఇనుము ముడుచుకుని లప్పాన్ని వదిలేస్తుంది. కానీ అంత పొడుగు ఫ్రీజర్ ఎవరి దగ్గరుంటుంది?"

డాక్టరు భార్య దగ్గరే ఉంది. క్లినిక్ కిందనే ఆవిడ ఐస్‌క్రీమ్ దుకాణం. పైకొచ్చే పంటి రోగులు కిందే తయారవుతారని గిట్టనివాళ్ళు అనేవారు.

"నిజం చెప్పండి, ఏం చేశారు?" అంది భార్య, దుప్పటిలో చుట్టిన రైఫిల్‌ను చూసి.

"ఏం లేదోయ్, కాస్త శుభ్రం చేశాను."

"మీరు శుభ్రం చేశానంటేనే నాకు భయమండీ!"

రైఫిల్ లోపలికి వెళ్ళాలంటే సగం డబ్బాలు బయటికి రావాలి. అవి కరిగి కాలవ కట్టేలోగా ఆవిడ వచ్చినవాళ్ళకల్లా ఊరికే పంచడం మొదలుపెట్టింది. ఊరికే అన్న మాట వీధులన్నీ చుట్టొచ్చింది. సాయంత్రానికి జనం మలుపు దాకా బారులు తీరారు. ఆ వరసలో పాలిష్ కొట్టువాడూ ఉన్నాడు. ఒకరోజు ముందే దిగిన మామగారూ ఉన్నారు.

కూతురి వ్యాపారం ఇంత జోరుగా ఉందా అని మామగారు పొంగిపోయారు. "నువ్వు కూర్చో తల్లీ, నేనందిస్తా" అంటూ ఫ్రీజర్లో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన దాన్ని పైకి లాగారు. దుప్పటి జారింది.

సరిగ్గా అప్పుడే రైఫిల్ కోసం వచ్చిన మేస్త్రి, వరసలో పాలిష్ కొట్టువాణ్ణి చూసి చొక్కా పట్టుకున్నాడు. "నకిలీ పాలిష్ అమ్మి, ఇక్కడ ఐస్‌క్రీమ్ తింటున్నావా?"

డాక్టరుకు ఇక తట్టుకోవడం చేతకాలేదు. "వదిలెయ్యండి! ఆయన పాలిష్ మంచిదే. నేనే తుడిచేశాను!"

జనం నాలుకలు ఐస్‌క్రీమ్ మీదే ఆగిపోయాయి.

"ఎందుకండీ?" అన్నాడు మేస్త్రి, ఏడుపు గొంతుతో.

"అతికించే ముందు తుడవడం... నా పద్ధతి."

మేస్త్రి మామగారి చేతిలోంచి రైఫిల్ తీసుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, సంచిలోంచి కొయ్య సుత్తి తీసి రెండు తట్లు తట్టాడు. టప్పుమని ఇనుము ఊడి వచ్చింది. గాడిలో అచ్చు అద్దంలా మెరుస్తోంది. డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. పాలిష్ కొట్టువాడికి క్షమాపణ చెప్పుకుని, మేస్త్రిని చెయ్యి పట్టి పైకి తీసుకెళ్ళి, విరిగిన పన్ను తానే కట్టాడు.

"కదలకండి. నా పద్ధతి నమ్మండి."

"నమ్మకేమండీ" అన్నాడు మేస్త్రి.

ఆదివారం పోటీలో డాక్టరు పేల్చిన గుండ్లన్నీ అట్ట నడిమధ్యన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దిగాయి. మామగారు కళ్ళు తుడుచుకుని అల్లుణ్ణి కావలించుకున్నారు. "ఇది ఇక మీదే అల్లుడుగారూ!" అంటూ రైఫిల్‌ను చేతిలోకి తీసుకుని అందించబోయారు. అంతలో డాక్టరు భార్య అందరికీ ఐస్‌క్రీమ్ పెట్టింది. మేస్త్రి సంతోషంగా ఒక్క కొరుకు కొరికాడు. కట్టిన పన్ను అరచేతిలో రాలింది.

డాక్టరు మొహం పాలిపోయింది. "నా సర్వీసులో ఎప్పుడూ ఇలా కాలేదు! ఆ పన్ను అతికించే మందు అమ్మినవాడు నకిలీ సరుకు అంటగట్టాడు. రేపే వాణ్ణి కడిగేస్తాను!"

మేస్త్రి తల గోక్కున్నాడు. "తొందరపడకండి డాక్టరుగారూ. మీరు అటు తిరిగినప్పుడు పన్ను మరీ ఎండిపోయినట్టు అనిపించింది. పాపం మరిచిపోయారేమోనని నేనే నాలుకతో తడిపాను."

మామగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రైఫిల్‌ను మెల్లగా తన వీపు వెనక్కి జరుపుకున్నారు.