నాలుగు టార్పాలిన్లూ, నూట ఎనిమిది శివుడి పటాలూ

2017 కార్తీక మాసం నుంచి శ్రీకాకుళం బజారులో బేరసారాలు రద్దయ్యాయనీ, వాటి స్థానంలో బంధాలు అమల్లోకి వచ్చాయనీ ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. సంతోషించక చస్తానా! 'సిక్కోలు వర్తక బంధు' వాట్సాప్ గ్రూపుకు సంయుక్త కార్యదర్శిని నేనే. బజారులో టార్పాలిన్ల కొట్టు కూడా నాదే.

ప్రారంభోత్సవంలో మా అధ్యక్షులు, బియ్యం వ్యాపారి వెంకటరావుగారు గంటసేపు ప్రసంగించారు. "కొట్టు కొట్టూ తిరిగే రోజులు పోయాయి! ఏం కావాలన్నా గ్రూపులో ఒక్క మాట వెయ్యండి. వస్తువే మీ ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టి, జీడిపప్పు ఉప్మా తిని ఇళ్ళకు వెళ్ళిపోయాం. కళింగపట్నం నుంచి వచ్చిన ఎండుచేపల వ్యాపారి లక్ష్మణమ్మ మాత్రం ఆ మాట నమ్మేసింది.

నెల తిరక్కుండానే గ్రూపు అద్భుతంగా ఎదిగింది. రోజుకు రెండువందల శుభోదయాలు, మధ్యాహ్నం సూక్తులు, పొద్దుపోయాక గులాబీలు. ఎవరైనా ధర అడిగితే మాత్రం అందరికీ మొహమాటంగా ఉండేది. ఆప్తుల మధ్య ఆ మాటలేమిటి, అసహ్యంగా!

అలాంటి గ్రూపులో, సాక్షాత్తు అధ్యక్షులవారి పుట్టినరోజునాడు, ఉదయం పదింటికి లక్ష్మణమ్మ గొంతు వినిపించింది.

"బాబూ, నాను కళింగపట్నం లక్ష్మణమ్మని. నెత్తళ్ళు ఇసక మీద ఆరబోసినాం. నాలుగిళ్ళోళ్ళ సరుకు బాబూ, ఇదే మా తిండి. మబ్బు కమ్మీసింది. నాలుగు టార్పాలిన్లు కావాల. ఎవుల కాడున్నాయో సెప్పండి, ఆటో అంపుతాను."

స్పందన అపూర్వం. "స్వచ్ఛమైన మన యాస!" అని ఒకరు మురిసిపోయారు. పదిహేడు మంది బొటనవేలెత్తారు. నేను రెండు నమస్కారాలు పెట్టాను. అప్పుడు నేను కూర్చున్నది టార్పాలిన్ల కట్ట మీదే. బేరాల్లేక ఈగలు తోలుకుంటున్నాను.

ఆవిడ తొందరపడి చేపల ఫొటో కూడా పెట్టింది. కార్తీకంలో! అధ్యక్షులవారి కేకు పక్కన! గ్రూపు కంపించిపోయింది. ఆ ఫొటో కనబడనంత పైకి పోయేదాకా నూట ఎనిమిది శివుడి పటాలు పెట్టాలని వెంకటరావుగారు ఆదేశించారు. నా వంతుకు పదకొండు పెట్టాను. మధ్యలో ఆవిడ మళ్ళీ "ఏటి బాబూ, ఎవులూ లేరా?" అని అడిగిందట. పటాల కింద ఎవరికి వినిపిస్తుంది!

మూడింటికి వాన దంచికొట్టింది. సాయంత్రం "తడిసి ముద్దయిపోనాయి బాబూ" అని ఒక్క ముక్క వచ్చింది. వెంటనే "ఓం శాంతి" అంటూ నలభై పువ్వులు పడ్డాయి. ఆపదలో బంధువును వదిలే గ్రూపు కాదు మాది.

మూడోరోజు లక్ష్మణమ్మ బస్సెక్కి వచ్చి, కొట్టు కొట్టూ తిరుగుతూ నా గుమ్మంలో ఆగింది. కప్పుదాకా ఉన్న కట్టల్ని చూసింది.

"ఇయ్యి మీ కాడే ఉన్నాయేటి బాబూ?"

"ఉన్నాయమ్మా. నీ మెసేజీ విన్నాను. నమస్కారం కూడా పెట్టాను కదా!"

"సూసినాను. దండమెందుకెట్టినారో తెలక నానూ ఎట్టినాను."

ఒట్టు, సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆవిడ తిట్టలేదు. పక్క కొట్టుకెళ్ళి నాలుగు టార్పాలిన్లు కొనుక్కుపోయింది. ఆ కొట్టు కూర్మయ్యది. ఆయనకు మెసేజీలు చూసే ఫోను లేదు. పాపం, వీధిలో వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చుంటాడు.

కడుపు మండి గ్రూపులో రాశాను: "ప్రజలు మన వర్తకులను ఆదరించడం లేదు. నా సరుకు కుళ్ళిపోతోంది. ఎవరైనా కొనండి." ఎనభై ఆరు నమస్కారాలు వచ్చాయి.

టార్పాలిన్లు ఇంకా ఉన్నాయి. ఇంత ఓపిగ్గా చదివారు కాబట్టి మిమ్మల్నీ అడుగుతున్నాను. ఫోన్లో మీ వేలు ఇప్పుడు ఏ బొమ్మ కోసం వెతుకుతోందో నాకు తెలుసు లెండి.