ప్రధాన సంఖ్యల అంచు చీర

ఆనాటి ఉదయపు కార్యక్రమాన్ని ఆచార్య గోవర్ధన్ గారు ఎంతో క్రమబద్ధంగా నిర్ణయించుకున్నారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయ అధికారిణి సౌమ్య జగిత్యాల మీదుగా కోరుట్లకు వచ్చి, ఆయన జీవితకాలపు గణిత పత్రాలన్నిటినీ భద్రపరచడానికి తీసుకువెళుతుంది. వాటిలో తలమానికం ఒక పొడవైన గళ్ళ కాగితం. గడికొక సంఖ్య చొప్పున లెక్కగట్టి, ప్రధాన సంఖ్యల గళ్ళను మాత్రం ఎర్ర సిరాతో నింపిన ఆ పటాన్ని చూసి విదేశీ పండితులు సైతం లేచి నిలబడి నమస్కరించారు.

సౌమ్య వచ్చింది. పటం మాత్రం కనబడలేదు.

"వంటింటి అరలల్ల పరిచినవా?" అని ఆయన భార్యను నిలదీశారు.

"మీ కాయితాలు ముట్టుడు ఎన్నడో బందువెట్టిన" అని సంధ్యారాణి గారు కసిరినప్పటికీ, పచ్చడి జాడీల కింద పరిశోధనా వ్యాసాలు మూడు బయటపడ్డాయి. సౌమ్య వాటిని భక్తితో అందుకుంది.

"మరక తుడవకండి సార్. అదీ చరిత్రే."

ఆ ప్రోత్సాహంతో పప్పుల డబ్బాలు, అటక మీది గుండిగలు సైతం హాలులోకి చేరాయి. పటం లేదు. అది లేనిదే తన జీవితకృషి అసంపూర్ణమని ఆచార్యులవారు గుండిగల మధ్య కూలబడ్డారు.

అప్పుడే సిరిసిల్ల నుండి తమ్ముడు శ్రీశైలం దిగాడు. అతనికి మరమగ్గాలున్నాయి. వదిన గళ్ళ కాగితం మీద అంచు డిజైన్లు గీసి బల్ల మీద ఉంచడం, అతడు వచ్చినప్పుడల్లా అడగకుండా పట్టుకుపోవడం ఆ ఇంటి రివాజు.

"వదినే, మొన్న నువ్వు గీసిన అంచు నేసి తెచ్చిన! గని గదేం డిజైనే? ఒక్క కాడ గూడ పువ్వు మళ్ళ రాదాయె. డిజైన్ సూసి మగ్గం అట్టలకు బెజ్జాలు కొట్టేటాయన నన్ను తిట్టని తిట్టు లేదు!"

సంధ్యారాణి గారు మురిసిపోయి చీరను కట్టుకున్న చీర మీదే చుట్టుకున్నారు. ఆచార్యులవారు అంచు చూడగానే తన పటాన్ని గుర్తుపట్టారు.

"కాయితమేదిరా?"

"దాని మీద నూనె ఒలికిందన్నా. పారేసిండ్రు."

మరుక్షణం ఆయన భూతద్దం పట్టుకుని నేల మీద మోకరిల్లి, భార్య చుట్టూ ప్రదక్షిణంగా అంచును పరీక్షించసాగారు.

"ఆ పిల్ల సూస్తున్నది, లేవుండ్రి!"

"కదలకు! ఏడు వందల తొంభై ఏడు కాడ ఉన్న!"

చివరి గడి దాటాక ఆయన కళ్ళు చెమర్చాయి. "ఒక్క గడి తప్పలేదు తమ్మీ!"

"వదిన గీసిన దాంట్ల చెయ్యి వెడ్తనా అన్నా?"

సౌమ్య వినయంగా చేతులు చాచింది. "అయితే అమ్మా, ఆ చీర..."

"ఇయ్య! ఇన్నేండ్ల ఈయన లెక్కలకు నాకు దక్కింది గీ ఒక్క చీర. గిది గూడ పట్కపోతరా?"

ఆచార్యులవారు ఆమెను తేరిపార చూశారు. తన గణితాన్ని భార్య తనదని పట్టుబట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆయన గంభీరంగా సౌమ్య వైపు తిరిగి, మూలప్రతి ఇవ్వబడదని ప్రకటించారు.

అదే అట్టలతో శ్రీశైలం మరొకటి నేశాడు. ఆ నకలు జాకెట్టు ముక్కతో సహా విశ్వవిద్యాలయానికి చేరింది. మూలప్రతిని పరిశీలించగోరే పండితులు పెళ్ళిళ్ళ రోజులలో కోరుట్లకు రావలసి ఉంటుంది.