జల్లెడ పద్యం

ఆ సోమవారం పొద్దున ఎంబ్రోజ్ టిల్నీ పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవడం, పద్యాన్ని శుభ్రంగా ఎత్తిరాయడం, దాన్ని తీసుకెళ్లి మందుల కొట్టు లాంగ్‌మెడ్ గారి అమ్మాయి డోర్కస్ చేతిలో పెట్టడం. మొదటి రెండూ భోజనం గంట కొట్టేలోపు అయిపోతాయి. మూడోదానికి ఎంతసేపు పడుతుందో అతనికే తెలియదు.

ఎంబ్రోజ్‌కు ఇరవై ఆరేళ్లు. కేంబ్రిడ్జిలో ఒక చిన్న కళాశాలలో కుర్రవాళ్లకు గ్రీకు చెప్పుకుంటూ, మేడమీది గదిని జెర్వేస్ పాట్ అనే స్నేహితుడితో పంచుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఫెలో పదవికి రెండుసార్లు నిలబడ్డాడు, రెండుసార్లూ తప్పింది. ఫెలో అయినవాడికి జీవితాంతం గది, భోజనం, గౌరవం ఉంటాయి. పెళ్లి మాత్రం చేసుకోకూడదు. ఎలాగూ రాని పదవిని వదులుకుని, ఏదో పల్లెటూరి చర్చిలో పాదిరీగా కుదురుకుని, డోర్కస్‌ను పెళ్లాడాలని అతను నిశ్చయించుకున్నాడు. తను చేస్తున్నది చాలా పెద్ద త్యాగమని కూడా అనుకుంటున్నాడు.

ఆ రోజుల్లో మావాళ్లెవరూ ప్రేమను తిన్నగా చెప్పేవాళ్లు కాదు. నువ్వంటే నాకిష్టం అని రాస్తే చదువు రానివాడి కింద జమకట్టేవాళ్లు. ఎక్కడినుంచో ఒక వస్తువును పట్టుకొచ్చి, దాన్ని విప్పదీసి, మళ్లీ బిగించి, ఆ సందడిలో ప్రేమను బయటపెట్టాలి. ప్రియురాలిని దేవుణ్ణి పిలిచినట్టు పిలిస్తే మరీ గొప్ప. ఎంబ్రోజ్ ఆమె కొట్లోని జల్లెడను పట్టుకున్నాడు. నేను మట్టి కొట్టుకున్న వేరుపొడిని, నన్ను జల్లించు, నీ జల్లెడలోంచి దిగినంతే నేను, పైన మిగిలినదంతా నా పాపం అన్నాడు. నీ దయ గురిగింజెత్తు తగ్గినా చస్తాను, గురిగింజెత్తు ఎక్కువైనా చస్తాను అన్నాడు. ఇలా ఇరవై ఎనిమిది పాదాలు. అన్నిటికీ పైన 'డోర్కస్‌కు' అని ఉంది.

"తప్పులేమైనా ఉంటే చెప్పరా," అని ఆ కాగితం జెర్వేస్‌కు ఇచ్చాడు. "ఎవరికీ చూపించకు. ఎవరికీ చదివి వినిపించకు."

"నామీద ఆ మాత్రం నమ్మకం లేదా నీకు?"

జెర్వేస్ మాట తప్పే మనిషి కాదు. ఎవరికీ చూపించలేదు, ఎవరికీ వినిపించలేదు. ఎంబ్రోజ్ గడ్డం గీసుకునేలోపు తన నోటుపుస్తకంలో ఎత్తిరాసుకున్నాడు, అంతే. మా ఊళ్లో దాన్ని తప్పని ఎవరూ అనరు. పద్యాలు అచ్చువేయించుకోవడం చవకబారు పని. మర్యాదస్థుల పద్యం చేతినుంచి చేతికి వెళ్లాలి, అందినవాడల్లా తన పుస్తకంలో ఎక్కించుకోవాలి. పరాయి ఆడపిల్ల పేరు పదిమంది పుస్తకాల్లో పడటం బాగుండదని జెర్వేస్ పెద్దమనసుతో 'డోర్కస్‌కు' అన్నది మాత్రం వదిలేశాడు. తర్వాత ఎప్పటిలాగే పుస్తకాన్ని పక్కగదివాడికి ఎరువిచ్చాడు.

పక్కగదివాడిది పద్ధతైన పుస్తకం. అందులో శీర్షిక లేనిదేదీ ఉండకూడదు. పాపం, మట్టి, మందు, చావు అని ఉన్న ఈ పద్యాన్ని అతను రెండుసార్లు చదివి, కాసేపు ఆలోచించి, 'మరణశయ్య మీద దేవునికి విన్నపం, రచన ఎంబ్రోజ్ టిల్నీ' అని పైన రాసుకున్నాడు. సాయంత్రానికి అది మరో ఆరు పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇదేమీ తెలియని ఎంబ్రోజ్ మధ్యాహ్నం మందుల కొట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. డోర్కస్ పద్యాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"మా జల్లెడ గుర్రపు వెంట్రుకలది. మీరు తీగ జల్లెడ అని రాశారు."

"మారుస్తానండి."

"వద్దు, ఉండనివ్వండి. నన్నింతవరకు ఎవరూ జల్లెడతో పోల్చలేదు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని మడిచి నడుముకు కట్టుకున్న సంచీలో పెట్టుకుంది. "గురువారం జవాబు చెప్తాను."

మంగళవారం కళాశాల కాపలాదారు ఎంబ్రోజ్‌ను చూసి టోపీ తీశాడు. బుధవారం పొద్దున గది గుమ్మం దగ్గర మూడు గిన్నెల గొడ్డుమాంసపు చారు, ఒక గిన్నెడు బార్లీ జావ కనిపించాయి. గ్రీకు పాఠానికి వచ్చిన కుర్రవాళ్లు క్రియారూపాలు చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. గదులు ఊడ్చి పక్కలు సర్దే ముసలామె, గామన్ అవ్వ, అతన్ని బలవంతంగా మంచమెక్కించి కాళ్లకు ఆవపిండి పట్టు వేసింది.

"నాకేం కాలేదవ్వా. బాగానే ఉన్నాను."

"చివర్లో అందరూ అదే అంటారు నాయనా. మా ఆయనా బాగానే ఉన్నానంటూనే పోయాడు."

సంగతి చివరికి జెర్వేస్ నోట బయటపడింది. "నేనెవరికీ చూపించలేదురా. పుస్తకం ఇచ్చాను, అంతే," అన్నాడు.

"అయితే వెళ్లి అది ప్రేమ పద్యమని చెప్పరా."

"చెప్పానురా. చావబోయేవాడి మీద నిందలేస్తావా అని కొట్టబోయారు. నువ్వు రెండు రోజులు పడుకుని లేస్తే మేలు. ప్రార్థన ఫలించిందనుకుంటారు."

ఎంబ్రోజ్ పడుకున్నాడు. అక్కడే లేచి, బట్టలు వేసుకుని, వీధిలోకి వెళ్లి ఉంటే కథ అంతటితో అయిపోయేది. కానీ ఆ చారు బాగుంది. తన పద్యం అన్ని పుస్తకాల్లో ఉందన్న సంగతి అంతకంటే బాగుంది.

గురువారం పొద్దున కళాశాల అధిపతి స్ట్రేంజ్ స్వయంగా మేడ ఎక్కి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, వెనక నలుగురు ఫెలోలు, చేతిలో పద్యం. సరిగ్గా అదే సమయానికి గామన్ అవ్వ చెప్పి పంపిన మందు సీసాతో డోర్కస్ కూడా వచ్చింది. తండ్రికి మోకాలి నొప్పి, మెట్లెక్కలేడు. ఆమె గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది.

"ఏమయ్యా టిల్నీ," అన్నాడు పెద్దాయన. "నిన్ను రెండుసార్లు కాదన్నాం. కళ్లుండీ గుడ్డివాళ్లమయ్యాం. క్రిస్మస్‌కు ఖాళీ అయిన ఫెలో పదవి ఇవాళ్టినుంచి నీది. ఎన్నాళ్లుంటావో దేవుడికెరుక, ఉన్నన్నాళ్లూ నీదే."

ఎంబ్రోజ్ నోరు తెరిచాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క మాట. ఇది ఎవరో ఆడమనిషికి రాసిందని ఒక దౌర్భాగ్యుడు అంటున్నాడట. అదే నిజమైతే ఇది దైవదూషణ. నీ నోటితో చెప్పు నాయనా. ఎవరికి రాశావు?"

జెర్వేస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డోర్కస్ మాత్రం ఎంబ్రోజ్‌నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. కాస్త నవ్వు ఉంది. అతను ఏం చెబుతాడో ఆమెకు తెలుసు. ఒక్క పేరు చెబితే చాలు.

"దేవుడికేనండి," అన్నాడు ఎంబ్రోజ్.

ఆమె ముఖంలో నవ్వు పోవడం అతను చూశాడు. ఫెలోలు ఆమెన్ అన్నారు. ఎంబ్రోజ్‌కు సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. తను అబద్ధమాడింది పదవి కోసమా, భయం చేతనా అని వెతుక్కుంటే రెండూ దొరికాయి. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అది చూసి పెద్దాయన, రోగి అలిసిపోయాడని అందర్నీ వెంటబెట్టుకుని మెల్లగా దిగిపోయాడు. జెర్వేస్ కూడా పిల్లిలా జారుకున్నాడు. గామన్ అవ్వ గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకుంటోంది.

డోర్కస్ దగ్గరికొచ్చి మందు చెంచాలో పోసింది.

"డోర్కస్ గారూ, వాళ్లందరి ముందు నాకు..."

"మింగండి."

మింగాడు. కటిక చేదు.

"నేను పిరికివాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నాను," అన్నాడు. ఆ పొద్దున అతను చెప్పిన నిజం అదొక్కటే. "కానీ ఇవాళ గురువారం. జవాబు చెప్తానన్నారు."

ఆమె సీసాకు బిరడా పెట్టింది. సంచీలోంచి మడిచిన కాగితం తీసి దిండు పక్కన ఉంచింది.

"ఇది పొరపాటున మా కొట్టుకొచ్చింది. పరాయివాళ్ల ఉత్తరానికి నేను జవాబివ్వడం మర్యాద కాదు. ఎవరికి రాశారో ఆయనే ఇస్తారు, ఉండండి."

ఫెలో టిల్నీ గారు అదే గదిలో, సంపూర్ణ ఆరోగ్యంతో, పదకొండేళ్లుగా ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.