మోతిబిందు పండే దాకా

బామ్ని గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ సంవత్సరం కూడా మన ఊళ్ళో ఎవరి కంటిలోనూ మోతిబిందు పండలేదు. ఈ ప్రకటన చేసినవారు నలభై ఏళ్ళుగా వరి పండిస్తూ, పన్నెండేళ్ళుగా ఊరివాళ్ళ కళ్ళు పరీక్షిస్తున్న శ్రీ సాంబన్న గారు.

మోతిబిందు అంటే కంటి లోపలి కటకం మసకబారడమని డాక్టర్లు చెబుతారు. ఊరికి మాత్రం అది పంట. పంటన్నాక పండాలి, పండాకే కోయాలి. గింజను పంటి కింద కొరికి కోతల రోజు చెప్పగల సాంబన్న గారి కంటే ఆ పనికి అర్హులెవరు? అందుకే పొద్దున్నే ఆయన అరుగు ముందు జనం వరుస కడతారు. ఆయన ఒక్కొక్కరి రెప్ప ఎత్తి, మొహాన్ని ఎండకు తిప్పి, "ఇంక పాల మీదనే ఉన్నది. వచ్చే కోతల దాక ఆగు" అని తీర్పు చెబుతారు.

ఆయన శాఖ అంతటితో ఆగలేదు. కండ్లకలక వస్తే చేతులు కడగనక్కర్లేదు, ఎదుటివాడి కంట్లోకి చూడకుంటే చాలునని ఉత్తర్వు. ఆ వారమంతా జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకున్నారు. పొద్దుగూకితే తోవ కనిపించడం లేదన్న ఎల్లన్నకు పెందలాడే పడుకోవడమే మందని తేల్చారు.

ఇంతటి నిపుణుడి ఇంట్లోనే తిరుగుబాటు పుట్టింది. భార్య రాజక్కకు మూడేళ్ళుగా రెండు కళ్ళూ మసక. బియ్యంలో రాయి కనిపించదు, సూదిలో దారం దూరదు, మనుషుల్ని గొంతు విని గుర్తుపడుతుంది. సిరోంచలో కంటి శిబిరం పెట్టినప్పుడల్లా ఆమె మంచి చీర కట్టుకుంటుంది. ఆయన రెప్ప ఎత్తి చూసి, ఆ చీరను మళ్ళీ దండెం మీదికి పంపిస్తారు.

"ఇంకెన్నేండ్లు పండుతదయ్యా? నేను రాలిపోయినంక కోయిస్తవా?" అని ఈసారి ఆమె గట్టిగానే అడిగింది.

"పచ్చిది కోస్తె ఖరాబైతది. నాకే చెప్తవా ఏంది?"

శిబిరం రోజు పొద్దున రాజక్క ప్రాణహిత చేపలతో పులుసు పెట్టింది. మూడో ముద్దకు సాంబన్న గారి గొంతులో ముల్లు అడ్డం పడింది. పక్కింటి సమ్మయ్య ఉరికొచ్చి, "ముల్లు తియ్యలేదా వదినా?" అన్నాడు.

"చేతికి తగిలింది సమ్మయ్యా. ఇంక పండలేదేమోనని ఇడిసిపెట్టిన."

ఆటోలో సిరోంచ దవాఖానకు తీసుకుపోతే రెండు నిమిషాల్లో ముల్లు తీశారు. పక్క గదిలోనే శిబిరం. రాజక్క ఆయన చెయ్యి పట్టుకొని అందులోకి నడిచింది. ఆయన నోరు పెగలని శుభ ఘడియ అది. డాక్టరమ్మ త్రివేణి రాజక్క పేరు రాసుకుంది. ఎలాగూ పక్కనే ఉన్నాడు కదా అని సాంబన్న గారి కంట్లోనూ లైటు వేసి ఉలిక్కిపడింది.

"తాతా, నీయి పదేండ్ల కిందనే తియ్యాల్సింది! పండేదాక ఆగుడు పాత ముచ్చట. పనికి అడ్డమొస్తే చాలు, పొర తీసి కొత్త కటకం పెడ్తం. మరీ ముదిరితె లోపల ఒత్తిడి పెరిగి ఉన్న చూపు పోతది."

"ఊరందరి కండ్లు ఈయననే చూస్తడు బిడ్డా" అంది రాజక్క గర్వంగా.

పన్నెండేళ్ళుగా బామ్నిలో ఏ కన్నూ పండకపోవడానికి కారణం అలా బయటపడింది. ఇద్దరికీ గడ్చిరోలిలో ఒకే రోజు ఒక్కో కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు పట్టీ విప్పాక సాంబన్న గారు భార్యను చాలాసేపు చూశారు.

"గింత ముసల్దానివి ఎప్పుడైనవే?"

"నువ్వు పండుడు చూస్తున్నప్పుడు."

నాకైతే ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. సాంబన్న గారికీ సిగ్గేసిందేమో, కన్ను కుదుటపడగానే అరుగెక్కి, రెప్పలెత్తి చూసి, "అందరియి ముదిరినయ్! అందరు శిబిరానికి పోండ్రి!" అని కేకలు వేశారు.

ఊరు కూర్చొని ఆలోచించింది. "మొన్నటిదాక మంచిగనే చెప్పిండు. ఆపరేషనైనంక ఏందేందో కనవడుతున్నయంటుండు. గిసొంటోని ఎట్ల నమ్ముడు?" అన్నాడు సమ్మయ్య. ఆ మాట అందరికీ నచ్చింది. ఖాళీ అయిన పదవికి ఎల్లన్న గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. రాజక్క మాత్రం మంచి చీర కట్టుకొని, ఎవరికీ రెప్ప చూపించకుండా, రెండో కన్ను కోసం గడ్చిరోలి బస్సెక్కింది.

పదవి స్వీకరించిన ఎల్లన్న గారు పొద్దుగూకకముందే తొలి ప్రకటన చేశారు. ఈ పుటను చేతులు బారచాపి, దూరంగా పట్టుకొని చదువుతున్న తమరికి కూడా అది వర్తిస్తుంది: కంగారు పడకండి, తమది ఇంకా పండలేదు.