అత్తయ్యా, ఒక్కసారి రండి!

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. ఇల్లు ఊడ్చి, పరీక్షాధికారి రాగానే నేర్చిన మంత్రవిద్యలు చూపించి, సొంత బోర్డు పెట్టుకునే అనుమతి సంపాదించాలి. గాలివిద్య, తేలికవిద్య ఆమెకు కొట్టిన పిండి. కొరుకుడు పడనిది పిలుపువిద్య ఒక్కటే. చిక్కల్లా ఏమిటంటే, పరీక్షప్పుడు గురువు ఎదురుగా ఉండాలి, లేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. గురువు అత్తగారే. ఆవిడేమో "ఇప్పుడే వస్తా" అంటూ సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్లారు.

"ఏమండీ, మీ అమ్మగారు ఇంకా రాలేదు!"

"పిలుపువిద్య ఉందిగా, పిలువు," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా.

"దానికి పేరు పెట్టి పిలవాలి. అత్తగారిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది?"

"అయితే వరస పెట్టి పిలువు. నీకున్నది ఒక్క అత్తేగా!"

పెళ్లయిన నాటినుంచీ ఆయన సలహా ఒక్కటీ పనికిరాలేదని తెలిసి కూడా, ఆమె కళ్లు మూసుకుని మంత్రం చదివి, "అత్తయ్యా, ఒక్కసారి రండి!" అంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. చుట్టుపక్కల ఎవరికి అత్తయినవాళ్లయినా సరే, అందరూ వచ్చిపడ్డారు. ఒకావిడ గరిటెతో, ఒకావిడ తలనిండా సబ్బునురగతో, ఇంకొకావిడ కూర్చున్న కుర్చీతో సహా.

"ఎవరే పిలిచింది? పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి!"

సాగనంపుదామని కోడలు గాలివిద్య ప్రయోగించింది. ఒక్కరూ కదల్లేదు. కోడలు పొమ్మంటే పోయేవాళ్లయితే అత్తలెందుకవుతారు? బరువు తగ్గిస్తే కదులుతారేమోనని తేలికవిద్య చదివింది. అందరూ మూకుమ్మడిగా లేచి ఇంటికప్పుకు ఆనుకున్నారు. అక్కణ్ణుంచి బీరువా పైభాగం కనబడింది.

"అయ్యో, ఎంత దుమ్మో!" అన్నారు ఏకకంఠంతో.

"నా పని అయిపోయింది. పరీక్షాధికారి వచ్చే వేళయింది!" అని కోడలు ఏడుపు లంకించుకుంది.

"వచ్చి చాలాసేపయింది," అంది ఫ్యాను పక్కనుంచి ఒక కళ్లద్దాలావిడ. "బస్సులో ఉన్నదాన్ని లాక్కొచ్చావు. నాకూ ఒక కోడలుంది లే. ఇంత బలమైన పిలుపు నా సర్వీసులో చూడలేదమ్మాయ్. నువ్వు ప్యాసే. కానీ మీ గురువేరీ?"

అప్పుడే అత్తగారు సంచీతో తీరిగ్గా లోపలికి వచ్చారు. పైకి చూసి, చెయ్యి ఒక్కసారి ఊపారు. అందరూ మెల్లగా నేలకు దిగారు.

"నా పిలుపు వినపడలేదా అత్తయ్యా?" అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ.

"వినపడకేం? బేరం తెగలేదు."

ఊరి అత్తలందర్నీ ఈడ్చుకొచ్చిన ఆ మంత్రానికి లొంగనిది ఒక్క సొంత అత్తగారే.